ఫ్లోటింగ్ పాయింట్ ఎమ్యులేషన్ కోడ్‌ని రీఫ్యాక్టర్ చెయ్యడం ఎలా: ఒక్క బిట్ కూడా మారకుండా

ఏదైనా ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్‌లోనో (ఒక చిప్‌ని ఇంకో మెషీన్ మీద సాఫ్ట్‌వేర్‌తో నటింపజేసే ప్రోగ్రామ్), ఎఫ్‌పీయూ (ఫ్లోటింగ్ పాయింట్, అంటే దశాంశ నెంబర్ల లెక్కలు చేసే హార్డ్‌వేర్) లేని చిన్న ప్రాసెసర్ల కోసం రాసిన లైబ్రరీలోనో ఫ్లోటింగ్ పాయింట్ ఫైల్ తెరిచి చూడండి, ముందుగా కంటికి కనిపించేది కాపీ పేస్ట్. 32 బిట్లకి ఒక కూడిక ఫంక్షన్, 64కి ఇంకోటి, 80కి ఇంకోటి, 128కి మళ్ళీ అదే, లోపల లెక్క ఒకటే గానీ షిఫ్ట్ నెంబర్లు వేరు, మధ్యమధ్యలో ఫలానా సీపీయూ అయితే ఇలా, లేకపోతే అలా అని ఇఫ్‌డెఫ్‌లు (కంపైల్ చేసేటప్పుడే ఏ ముక్క ఉండాలో ఎంచే షరతులు). క్యూఎము అనే ఎమ్యులేటర్ ప్రాజెక్టులో కూడా చాలా ఏళ్ళు ఇదే పరిస్థితి, అక్కడి కోడ్ జాన్ హౌసర్ రాసిన బర్క్‌లీ సాఫ్ట్‌ఫ్లోట్ లైబ్రరీ రెండో తరం నుంచి వచ్చింది, 2018లో 2.12 రిలీజ్‌కి 16, 32, 64 బిట్ల లెక్కలన్నీ ఒకే దారిలోకి తెచ్చారు, 128 బిట్లవీ ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ చిప్‌లు) వాడే 80 బిట్లవీ 2021లో ఆ దారిలోకి వచ్చాయి. అంటే మూడేళ్ళు పట్టింది, అదీ ఈ పని బాగా తెలిసినవాళ్ళకి. కాబట్టి శనివారం కూర్చుని ఆదివారానికి అవగొట్టేద్దాం అనుకోకండి.

రీఫ్యాక్టర్ అంటే జవాబులు మారకుండా కోడ్‌ని చక్కబెట్టి రాయడం, ఈ కోడ్‌కి అందులో ఒక ప్రత్యేకత ఉంది. మామూలు ప్రోగ్రామ్‌లో జవాబు 0.30000001 వచ్చినా 0.3 వచ్చినా ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ మాత్రం అసలు చిప్ ఏ బిట్లు ఇస్తుందో అవే బిట్లు రావాలి, చివరి బిట్ తేడా వచ్చినా తప్పే. బిట్లు ఒక్కటే కాదు, లెక్క తర్వాత లేచే ఫ్లాగ్‌లు (లెక్కలో ఏం జరిగిందో చెప్పే గుర్తు బిట్లు) కూడా జవాబులో భాగమే. ఇది మనసులో పెట్టుకుని కింద చెప్పిన వరసలో వెళ్ళండి, ఈ వరస ఎందుకో పోనుపోనూ మీకే అర్థమవుతుంది.

1. కోడ్ ముట్టుకోకముందే టెస్ట్

పాత ఫైల్‌ని అలాగే ఇంకో పేరుతో టెస్ట్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి, అందులో ఫంక్షన్ల పేర్ల ముందు పాత అని అర్థమయ్యే ముక్క ఏదైనా తగిలించండి. ఇప్పుడు పాతదీ కొత్తదీ ఒకే బైనరీలో లింక్ అవుతాయి, ఒకే ఇన్‌పుట్ రెండిటికీ ఇచ్చి జవాబులు పోల్చచ్చు. పోల్చేటప్పుడు ఫ్లోట్‌లుగా పోల్చకండి, ఇంటిజర్‌లుగా పోల్చండి. ఎందుకంటే నాన్ అంటే నెంబర్ కాని విలువ, అది తనతో తను కూడా సమానం కాదు, ప్లస్ సున్నా మైనస్ సున్నా ఏమో వేరువేరు బిట్లయినా సమానం అంటుంది, రెండు వైపులా మోసపోతారు.

ఏమేం పోల్చాలి అంటే జవాబు బిట్లు, ఐదు ఫ్లాగ్‌లు (ఇన్‌వాలిడ్ అంటే అర్థంలేని లెక్క, సున్నాతో భాగహారం, ఓవర్‌ఫ్లో అంటే జవాబు మరీ పెద్దది, అండర్‌ఫ్లో అంటే మరీ చిన్నది, ఇన్‌ఎగ్జాక్ట్ అంటే రౌండ్ చెయ్యాల్సొచ్చింది), ఇవన్నీ ప్రతి రౌండింగ్ మోడ్‌లోనూ. దగ్గరి సరి (దగ్గరి విలువకి, టై అయితే, అంటే సరిగ్గా మధ్యలో ఉంటే, సరి నెంబర్‌కి), సున్నా వైపు, పైకి, కిందికి, దగ్గరిదే గానీ టై అయితే సున్నాకి దూరంగా, ఈ ఐదూ. చాలామంది దగ్గరి సరి ఒక్కటే టెస్ట్ చేసి వదిలేస్తారు, అసలు బగ్‌లు పైకీ కిందికీ మోడ్‌లలోనే దాక్కుంటాయి. చిన్న ఉదాహరణ, ఏదైనా నెంబర్‌లోంచి అదే నెంబర్ తీసేస్తే ప్లస్ సున్నా రావాలి, కిందికి మోడ్‌లో మాత్రం మైనస్ సున్నా రావాలి, రీఫ్యాక్టర్‌లో అందరికన్నా ముందు పోయేది ఈ లైనే.

ఇంకో మంచి విషయం, దీన్ని తప్పకుండా వాడుకోండి. 16 బిట్ల ఫ్లోట్‌కి మొత్తం విలువలు 65,536 మాత్రమే, రెండు ఇన్‌పుట్‌ల జతలన్నీ కలిపితే 4,29,49,67,296, అంటే దాదాపు 429 కోట్లు. వినడానికి పెద్దదే గానీ ఒక్కో జతకి 20 నానోసెకన్లు పట్టింది అనుకున్నా నిమిషన్నరలో అయిపోతుంది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం నాలుగూ ఏ ఒక్క జతా వదలకుండా టెస్ట్ చెయ్యచ్చు. రీఫ్యాక్టర్ అయ్యాక అన్ని సైజులూ ఒకే కోడ్‌లోంచి వెళ్తాయి కాబట్టి 16 బిట్లలో అన్నీ సరిపోతే లాజిక్ మీద గట్టి నమ్మకం వస్తుంది. ఒక్క ఇన్‌పుట్ ఉండే 32 బిట్ల పనులు, అంటే వర్గమూలం, ఇంటిజర్‌కి మార్చడం, ఇవి కూడా అంతే లెక్క, మొత్తం తిప్పేయచ్చు. వెడల్పుకి సంబంధించిన బగ్‌లు, అంటే 64 దాటిన షిఫ్ట్‌లు, 128 బిట్ల క్యారీలు, వాటికి మాత్రం ఇది సరిపోదు, అక్కడ హౌసర్ గారి టెస్ట్‌ఫ్లోట్ వాడండి, కష్టమైన ఇన్‌పుట్‌లు ఏరి మరీ ఇస్తుంది. క్యూఎములో అది ముందే కలిపి ఉంది, మేక్‌కి చెక్-సాఫ్ట్‌ఫ్లోట్ అని చెప్తే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మీ కంప్యూటర్ సొంత ఎఫ్‌పీయూతో పోల్చాలి అనుకుంటే కంపైలర్‌లో ఫాస్ట్ మ్యాథ్ ఆప్షన్ (వేగం కోసం కచ్చితత్వం వదిలేసేది) పొరపాటున కూడా ఉండకూడదు, ఇంకా జీసీసీ కంపైలర్ మామూలుగానే గుణకారాన్నీ కూడికనీ కలిపి ఒకే ఇన్‌స్ట్రక్షన్ చేసేస్తుంది, 64 బిట్ల ఆర్మ్ మెషీన్ మీద టెస్ట్ తప్పిందని ఒక రోజంతా వెతికి చివరికి తప్పు రిఫరెన్స్ వైపే ఉందని తేలితే ప్రాణం ఉసూరుమంటుంది. అలా కలిపే కాంట్రాక్షన్ ఆప్షన్ ఆఫ్ చెయ్యండి.

2. లెక్క ఏది, సీపీయూ ఇష్టం ఏది, విడదీసి రాసుకోండి

నా దృష్టిలో మొత్తం పనికి గుండెకాయ ఇదే. ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలకి రూల్స్ పెట్టిన ఐట్రిపుల్‌ఈ 754 స్టాండర్డ్ చాలావరకు ఒకే జవాబు చెప్తుంది, కొన్ని చోట్ల మాత్రం మీ ఇష్టం అని వదిలేసింది, ఆ వదిలేసిన చోట్లలో ఒక్కో కంపెనీ ఒక్కో దారి పట్టింది. పాత కోడ్‌లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. ఒక కాగితం మీద ఇఫ్‌డెఫ్‌లన్నీ రాసుకుని ఒక్కోదాని పక్కన ఇది దేని గురించి అని రాయండి, చివరికి నాలుగైదు ప్రశ్నలే మిగులుతాయి.

మొదటిది, కొత్తగా నాన్ పుట్టినప్పుడు దాని బిట్లు ఏంటి. ఎక్స్86లో సైన్ బిట్ 1, ఆర్మ్, రిస్క్-ఫైవ్‌లలో 0. రెండోది, రెండు ఇన్‌పుట్‌లూ నాన్ అయితే ఏది బయటికి పోవాలి. ఆర్మ్ ముందు సిగ్నలింగ్ నాన్‌కి (లెక్కలో వాడితే ఇన్‌వాలిడ్ ఫ్లాగ్ లేపేది, చప్పుడు చెయ్యనిది క్వయట్ నాన్) పెద్దపీట వేస్తుంది, ఎక్స్86లోని ఎస్‌ఎస్‌ఈ ఇన్‌స్ట్రక్షన్లు మొదటి ఆపరాండ్ (ఇన్‌పుట్) తీసుకుంటాయి, ఎక్స్86 పాత ఎఫ్‌పీయూ అయిన ఎక్స్87 మాంటిస్సా (నెంబర్‌లోని అంకెల భాగం) పెద్దది ఎవరిదో చూస్తుంది, రిస్క్-ఫైవ్ ఇవేవీ పట్టించుకోకుండా తన సొంత నాన్ ఇచ్చేస్తుంది. అసలు సిగ్నలింగా క్వయటా అని చెప్పే బిట్ అర్థమే పాత మిప్స్‌లోనూ పీఏ-రిస్క్‌లోనూ తలకిందులు.

మూడోది ఇన్ఫినిటీ ఇంటూ సున్నా ప్లస్ క్వయట్ నాన్. ఎక్స్86 ఆ నాన్‌నే ఫ్లాగ్ లేకుండా ఇచ్చేస్తుంది, ఆర్మ్ ఇన్‌వాలిడ్ ఫ్లాగ్ లేపి తన డిఫాల్ట్ నాన్ ఇస్తుంది, రిస్క్-ఫైవ్ కూడా ఇన్‌వాలిడ్ లేపుతుంది. నాలుగోది నాన్‌ని 32 బిట్ల ఇంటిజర్‌గా మారిస్తే ఏమొస్తుంది, ఎక్స్86 అయితే -2147483648, ఆర్మ్ అయితే 0, రిస్క్-ఫైవ్ అయితే 2147483647. మూడు చిప్‌లు మూడు జవాబులు, మూడూ సరైనవే.

ఐదోది అండర్‌ఫ్లో, దీని దగ్గర కొంచెం ఆగాలి. జవాబు చాలా చిన్నది అని రౌండ్ చెయ్యకముందు తేల్చాలా, చేశాక తేల్చాలా? ఆర్మ్ ముందు, ఎక్స్86, రిస్క్-ఫైవ్ తర్వాత. దీన్ని పట్టుకునే టెస్ట్ ఒకటి ఇస్తున్నా, అలాగే పెట్టేసుకోండి. 18631 ని 2⁻⁷⁵ తో గుణిస్తే ఒక నెంబర్, 1801 ని 2⁻⁷⁶ తో గుణిస్తే ఇంకో నెంబర్, రెండూ 32 బిట్ల ఫ్లోట్‌లో పూర్తిగా పడతాయి. వీటి గుణకారం 33554431 × 2⁻¹⁵¹, అంటే 2⁻¹²⁶ కన్నా ఒక్క పిసరు తక్కువ. 2⁻¹²⁶ ఏమో అతి చిన్న నార్మల్ నెంబర్, అంటే పూర్తి కచ్చితత్వంతో రాయగలిగేవాటిలో అన్నిటికన్నా చిన్నది. దగ్గరి సరి మోడ్‌లో రౌండ్ చేస్తే అందరికీ 2⁻¹²⁶ వస్తుంది, ఇన్‌ఎగ్జాక్ట్ ఫ్లాగ్ అందరికీ లేస్తుంది, కానీ అండర్‌ఫ్లో ఫ్లాగ్ ఆర్మ్‌లో లేస్తుంది, ఎక్స్86లో లేవదు. జవాబు మాత్రమే పోల్చే టెస్ట్‌కి ఈ తేడా జన్మలో దొరకదు.

3. విప్పు, లెక్క చెయ్యి, ఒక్కసారే రౌండ్ చెయ్యి, మడిచి పెట్టు

ఇప్పుడు కోడ్. ఒక స్ట్రక్ట్ పెట్టుకోండి, అందులో నాలుగే ఉండాలి, ఇది ఏ రకం (సున్నా, నార్మల్, ఇన్ఫినిటీ, క్వయట్ నాన్, సిగ్నలింగ్ నాన్), సైన్, బయాస్ (ఘాతానికి కలిపి రాసే స్థిర సంఖ్య) తీసేసిన ఎక్స్‌పోనెంట్ అంటే 2 మీది ఘాతం, 64 బిట్ల ఫ్రాక్షన్ అంటే అంకెల భాగం. పక్కన ఇంకో చిన్న టేబుల్, ఫార్మాట్‌కి ఒక వరస, ఎక్స్‌పోనెంట్ ఎన్ని బిట్లు, బయాస్ ఎంత, ఫ్రాక్షన్ ఎన్ని బిట్లు. 16 బిట్లకి 5, 15, 10, 32కి 8, 127, 23, 64కి 11, 1023, 52, ఏఐ వాళ్ళు వాడే బీఫ్లోట్16కి 8, 127, 7. ఇలా రాశారంటే రేపు కొత్త ఫార్మాట్ వస్తే దాదాపు ఒక వరస కలిపితే అయిపోతుంది, ఇంతకుముందు అదే పనికి వందల లైన్లు కాపీ కొట్టేవాళ్ళు.

విప్పేటప్పుడు, అంటే బిట్లని ఈ స్ట్రక్ట్‌లోకి తెచ్చేటప్పుడు, దాచిన 1 ని (నార్మల్ నెంబర్ ముందు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి రాయకుండా వదిలేసేది) తెచ్చి 63వ బిట్‌లో, అంటే అన్నిటికన్నా పైన కూర్చోబెట్టండి. సబ్‌నార్మల్ (నార్మల్ కన్నా చిన్నది, ముందు ఆ 1 లేనిది) అయితే పైకి జరిపి ఎక్స్‌పోనెంట్ తగ్గించండి, అప్పుడు లోపల లెక్కకి సబ్‌నార్మల్ అనే మాటే ఉండదు, కోడ్ సగం అక్కడే తేలికైపోతుంది. 32 బిట్ల నెంబర్‌కి కింద 40 బిట్లు ఖాళీ, 64 బిట్లదానికి 11 ఖాళీ, రౌండింగ్‌కి కావాల్సిన సమాచారం ఆ ఖాళీలో ఉంటుంది.

80 బిట్లదాన్ని ఈ స్ట్రక్ట్‌లో ఇరికించకండి. దానికి ఫ్రాక్షనే 64 బిట్లు, రౌండింగ్‌కి కింద చోటే లేదు, 128 బిట్ల ఫ్రాక్షన్ ఉన్న రెండో స్ట్రక్ట్ కావాలి. పైగా అందులో 1 దాచి ఉండదు, బయటే రాసి ఉంటుంది, అందువల్ల అర్థంలేని కాంబినేషన్లు పుడతాయి, వాటిని విప్పేటప్పుడే పట్టుకోవాలి, ఇంకా 24 లేదా 53 బిట్లకే రౌండ్ చెయ్యమనే కంట్రోల్ కూడా ఉంటుంది. నా సలహా ఏంటంటే దాన్ని చివరికి వదిలెయ్యండి.

4. పడిపోయే బిట్లని మర్చిపోకండి

కుడికి షిఫ్ట్ చేసినప్పుడు కింద నుంచి పడిపోయిన బిట్లలో ఒక్కటైనా 1 ఉంటే అది గుర్తుండాలి, అందుకే చివరి బిట్‌ని 1 చేసి పెడతాం, దాన్నే స్టికీ బిట్ అంటారు. రీఫ్యాక్టర్‌లో ఎవరో ఒకరు ఆ ఫంక్షన్ బదులు మామూలు షిఫ్ట్ రాసేస్తారు, టెస్ట్‌లు 99 శాతం పాస్ అవుతాయి, మిగతా ఒక్క శాతం ఎవరి సిమ్యులేషన్‌లోనో నెలల తర్వాత బయటపడుతుంది. కోడ్ అంతటికీ ఈ షిఫ్ట్ ఒకే ఒక్క చోట ఉండాలి, అందరూ దాన్నే పిలవాలి. అందులో షిఫ్ట్ సైజ్ 64 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే విడిగా చూసుకోవాలి, ఎందుకంటే సీ భాషలో అది అన్‌డిఫైన్డ్, ఎక్స్86 చిప్ అయితే 64 షిఫ్ట్‌ని 0 షిఫ్ట్‌గా తీసుకుని పాత విలువే వెనక్కిచ్చేస్తుంది. యూబీసాన్ (అన్‌డిఫైన్డ్ తప్పులు పట్టే కంపైలర్ సాధనం) ఆన్ చేసి టెస్ట్‌లు ఒకసారి తిప్పండి, ఇలాంటివి వరసగా బయటికొస్తాయి.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకోటి, రెండుసార్లు రౌండ్ చెయ్యడం. ఫ్యూజ్డ్ మల్టిప్లై యాడ్‌ని (గుణించి, కూడి, ఒక్కసారే రౌండ్ చేసేది) 32 బిట్లకి రాస్తూ, డబుల్‌లో అంటే 64 బిట్లలో చేసేసి కిందికి దింపితే సరిపోతుంది కదా అని చాలామందికి అనిపిస్తుంది, నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఈ లెక్క చేసి చూడండి. 24929 ఇంటూ 673, దానికి 2⁻³⁰ కలపాలి. 24929 × 673 అంటే 16777217, ఇది 32 బిట్ల ఫ్లోట్‌లో పట్టదు, 16777216 కీ 16777218 కీ సరిగ్గా మధ్యలో ఉంది. దానికి ఆ పిసరు కలిపితే మధ్య దాటి పైకి వెళ్ళింది కాబట్టి సరైన జవాబు 16777218. డబుల్‌లో చేస్తే ఏమవుతుందంటే ఆ సైజు దగ్గర డబుల్‌కి ఒక అడుగు 2⁻²⁸, మన పిసరు అందులో పావు వంతే, రౌండింగ్‌లో మాయమైపోతుంది, మళ్ళీ 16777217 మిగులుతుంది, దాన్ని 32కి దింపితే టై, సరి నెంబర్ వైపు పోయి 16777216 వస్తుంది. తప్పు. కాబట్టి గుణకారం మొత్తం 128 బిట్లలో ఉంచుకుని, కూడిక కూడా అక్కడే చేసి, చివర ఒక్కసారి రౌండ్ చెయ్యండి. ఈ మూడు నెంబర్లూ టెస్ట్‌లో పెట్టండి.

భాగహారంలో శేషం సున్నా కాకపోతే స్టికీ పెట్టాలి, వర్గమూలంలో కూడా అంతే, వీటి గురించి ఇంతకన్నా చెప్పడానికి పెద్దగా లేదు.

5. సీపీయూ ఇష్టాలని డేటా చెయ్యండి

రెండో స్టెప్‌లో రాసుకున్న ప్రశ్నలకి జవాబులు ఇప్పుడు ఇఫ్‌డెఫ్‌లలోంచి బయటికి తెచ్చి, రౌండింగ్ మోడూ ఫ్లాగ్‌లూ ఉండే స్టేటస్ స్ట్రక్ట్‌లోనే పెట్టండి. సీపీయూ మొదలయ్యేటప్పుడు తన ఇష్టాలు తనే సెట్ చేసుకుంటుంది, లెక్క చేసే కోడ్‌కి ఇది ఆర్మా ఎక్స్86ఆ అని తెలియాల్సిన అవసరమే ఉండదు. దీనివల్ల పెద్ద లాభం, ఒకే బైనరీలో రెండు రకాల సీపీయూలు ఉండచ్చు, ఫైల్ ఒక్కో టార్గెట్‌కి మళ్ళీ మళ్ళీ కంపైల్ అవ్వక్కర్లేదు. క్యూఎములో కూడా ఏ నాన్‌ని ఎంచుకోవాలనే రూల్స్‌ని 10.0 రిలీజ్ నాటికి ఇలాగే రన్‌టైమ్ సెట్టింగ్‌లుగా మార్చారు.

ఒక కిటుకు చెప్తా. ఆ ఎంపికల ఈనమ్‌లో (పేర్లకి నెంబర్లిచ్చే జాబితా) సున్నా విలువకి ఎవరూ సెట్ చెయ్యలేదు అనే అర్థం ఇవ్వండి, లెక్క మధ్యలో అది కనిపిస్తే అసర్ట్ పడి ప్రోగ్రామ్ ఆగిపోవాలి. సీపీయూ రీసెట్ అయినప్పుడు స్టేటస్‌ని మెమ్‌సెట్‌తో సున్నా చేసేసే కోడ్ ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఆ తర్వాత ఇష్టాలు మళ్ళీ సెట్ చెయ్యడం మర్చిపోతారు, సున్నాకి ఆర్మ్ రూల్ అని అర్థం ఇచ్చి ఉంటే మిప్స్ గెస్ట్ (ఎమ్యులేట్ అవుతున్న సీపీయూ) చప్పుడు చెయ్యకుండా ఆర్మ్‌లా లెక్కలు కడుతుంది. అసర్ట్ ఉంటే మొదటి టెస్ట్‌లోనే దొరుకుతుంది. వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లకి విడిగా రెండో స్టేటస్ ఉండే సీపీయూలు ఉన్నాయి, ఆ రెండోదాన్ని కూడా చూసుకోండి.

6. ప్యాచ్‌లు చిన్నచిన్నగా

ఒక కమిట్‌లో ఒక పని. ముందు స్ట్రక్ట్, విప్పే మడిచే ఫంక్షన్లు మాత్రమే, తర్వాత కూడిక తీసివేత, తర్వాత గుణకారం, ఇలా. ప్రతి కమిట్ దగ్గరా బిల్డ్ అవ్వాలి, టెస్ట్‌లు పాస్ అవ్వాలి, ఎందుకంటే ఆరు నెలల తర్వాత ఎవరో ఏదో గేమ్‌లో బొమ్మ వంకరగా వస్తోంది అంటే గిట్ బైసెక్ట్ (ఏ కమిట్‌లో చెడిందో సగంసగం చేసుకుంటూ వెతికేది) ఒక్కటే దిక్కు, మధ్యలో బిల్డ్ కాని కమిట్‌లు ఉంటే అది అక్కడే ఆగిపోతుంది.

పాత కోడ్‌లో బగ్ కనిపిస్తుంది, తప్పకుండా కనిపిస్తుంది. వెంటనే సరిచెయ్యకండి. కొత్త కోడ్‌లో కూడా ముందు ఆ బగ్‌ని అలాగే ఉంచండి, కష్టంగా అనిపించినా సరే, ఆ కమిట్‌కి ప్రవర్తనలో మార్పు లేదు అని రాయండి, దాని తర్వాత విడి కమిట్‌లో సరిచేసి, టెస్ట్ జత చేసి, ఏ సీపీయూ మాన్యువల్‌లో ఏ పేజీ ప్రకారం ఇది తప్పు అన్నది రాయండి. రివ్యూ చేసేవాళ్ళకి రెండూ కలిపి ఇస్తే ఏది కావాలని మార్చారో ఏది పొరపాటున మారిందో తేల్చుకోలేరు. ఇంకో ప్రాజెక్టులోంచి ఫంక్షన్ తెచ్చుకుంటుంటే ఫైల్ పైన లైసెన్స్ చదవండి, సాఫ్ట్‌ఫ్లోట్ రెండో తరానికీ మూడో తరానికీ లైసెన్స్ ఒకటి కాదు.

7. స్పీడ్ గురించి ఆఖర్న

అన్నీ ఒకే దారిలోకి తెచ్చాక కొంచెం నెమ్మదించచ్చు. ముందు కొలవండి, ఊహించకండి. ఫార్మాట్ టేబుల్ కాన్‌స్టెంట్‌గా ఉండి ఫంక్షన్లు ఇన్‌లైన్ అయితే కంపైలర్ చాలావరకు పాత ఫంక్షన్ల లాంటి కోడే తయారుచేస్తుంది. అదీ చాలకపోతే అసలు మెషీన్ (హోస్ట్) ఎఫ్‌పీయూని వాడుకునే దారి ఉంది, క్యూఎములో 2019 నాటి 4.0లో వచ్చింది. అందులో తెలివి ఏంటంటే, కష్టమంతా ఫ్లాగ్‌లతోనే, హోస్ట్ ఫ్లాగ్‌లు ప్రతిసారీ చదివి తుడవడం ఖరీదు. కానీ ఇన్‌ఎగ్జాక్ట్ ఫ్లాగ్ ఒకసారి లేచిందంటే ప్రోగ్రామ్ దించేదాకా అలాగే ఉంటుంది, మామూలు ప్రోగ్రామ్‌లో అది మొదటి కొన్ని లెక్కల్లోనే లేచేస్తుంది. కాబట్టి ఇన్‌ఎగ్జాక్ట్ ముందే లేచి ఉండి, రౌండింగ్ దగ్గరి సరి అయ్యి, ఇన్‌పుట్‌లు నార్మల్ లేదా సున్నా అయితే (భాగహారంలో భాగించే నెంబర్ సున్నా కాకూడదు, వర్గమూలంలో ఇన్‌పుట్ నెగటివ్ కాకూడదు) హోస్ట్ ఎఫ్‌పీయూతోనే చేసెయ్యచ్చు, జవాబు ఇన్ఫినిటీ వస్తే ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ లేపాలి, అతి చిన్న నార్మల్ దగ్గరకో ఇంకా కిందకో వస్తే అది పారేసి సాఫ్ట్‌వేర్ దారిలో మళ్ళీ చెయ్యాలి. ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కీ ముందు ఫ్లాగ్‌లు తుడిచేసే టార్గెట్‌లకి మాత్రం దీనివల్ల ఉపయోగం ఉండదు.

ఈ వేగం దారి పెట్టాక 16 బిట్ల పూర్తి టెస్ట్ దాన్ని ముట్టుకోదు, ఎందుకంటే అది 32, 64 బిట్లకే. అందుకని టెస్ట్‌లు రెండుసార్లు తిప్పండి, ఒకసారి ఫ్లాగ్‌లన్నీ దించి, ఒకసారి ఇన్‌ఎగ్జాక్ట్ ముందే లేపి. పైన ఇచ్చిన 18631, 1801 జత రెండోసారి కూడా అదే ఫ్లాగ్‌లు ఇస్తోందో లేదో చూడండి, ఇచ్చిందంటే ఆ పాత కాపీ ఫైల్‌ని చెరిపేసే ప్యాచ్ కూడా పంపించెయ్యచ్చు.